ముదరని ఎండ

పలకరాయిని గని తడి ఆరకముందే చీల్చాలి. మా మార్కాపురం వైపు ఈ సంగతి అందరికీ తెలుసు. తడిగా ఉన్నప్పుడు ఉలి అంచు ఆనించి మెల్లగా తడితే రాయి పొరలు పొరలుగా విడిపోతుంది. ఒకసారి ఎండలో ఆరిందంటే ఇక చీలదు. కొడితే ముక్కలవుతుంది గాని పలక కాదు. అందుకే పైకి తీసిన రాయి మీద తడి గోనెలు కప్పి ఉంచేవాళ్ళు.

బడిపిల్లలు పలకలు వదిలేశాక గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. వాటిలో అన్నిటికన్నా లోతైనదానికి పైకప్పు వేసి, లోపల ఒక నక్షత్రాన్ని వెలిగించారు. నా కూతురు సలోమి ఆ గనిలో ఎనిమిదేళ్ళు బతికింది. దాని కూతురు కెజియా అక్కడే పుట్టింది. కిందటి చలికాలం సలోమి పోయింది. నేను ఫిజికల్ సైన్సు టీచరుగా రిటైరై ఇంట్లో ఒక్కదాన్నే ఉండేదాన్ని. సమాధి మీద మట్టి ఆరకముందే పెట్టె సర్దుకుని గనిలోకి దిగాను. కెజియాకు అప్పుడు ఏడేళ్ళు.

గనిలో తెల్లవారేది ఖాజాపీరా చేతి మీదుగా. పైన గాజు గదిలో కూర్చుని దీపాన్ని నడిపేది అతనే. ఒకప్పుడు నా దగ్గర ఎనిమిదో తరగతి చదివాడు. రోజూ మైకులో అతని గొంతు ముందు వచ్చేది, వెలుగు తర్వాత వచ్చేది.

"టీచరమ్మా, లేచినారా? పొద్దు పొడిపించమంటారా?"

"నేను లేవకపోతే పొడిపించవా?"

"ఎట్టా పొడిపిస్తానమ్మా? మీరు రాకముందు గంట కొట్టినానని బళ్ళో చెవి మెలేసినారు. ఆ బయం ఇంకా పోలా."

అప్పుడు తూర్పు గోడ అంచున దీపం లేచేది. ఆ దీపం ఆకాశంలో ఉన్న టౌ సెటి అనే నక్షత్రానికి నకలు. అక్కడి నుంచి మనదాకా రావడానికి వెలుగుకు పన్నెండేళ్ళు పడుతుంది. నక్షత్రాల మధ్య అది పక్కింటి దూరమే. సూర్యుడి జాతిదే కాని కొంచెం చిన్నది, కొంచెం చల్లనిది. సూర్యుడు ఇచ్చే వెలుగులో సగం ఇస్తుంది. నెమ్మది గలది. మన సూర్యుడి మీద వచ్చినన్ని మచ్చలూ మంటలూ దాని మీద రావు. దాని చుట్టూ మనుషులు నిలవగల నేల ఉందో లేదో ఇంకా తేలలేదు. తేలకముందే మనుషుల్ని సిద్ధం చేయడం మొదలైంది. ఆ వెలుగు కింద మనిషి ఒళ్ళు ఏమవుతుందో చూడడానికి కట్టిన చోటు ఈ గని.

అక్కడి పగలు మన పగలు కంటే ఒక పాలు పసుపుగా ఉంటుంది. మొదటి రోజుల్లో నా చేతులు నావి కానట్టు కనిపించేవి. దీపం దిగిపోయాక పైకప్పు మీద పలచని వెలుగు పట్టీ ఒకటి మిగిలేది. ఆ నక్షత్రం చుట్టూ దుమ్మూ తోకచుక్కల శకలాలూ మన దగ్గర ఉన్నదానికి పదింతలు తిరుగుతున్నాయి. ఆ పట్టీ ఆ దుమ్ము మెరుపుకు నకలు. రాలే చుక్కలు కూడా అదే లెక్కన రాలేవి. మొదటిసారి నేను ఉలిక్కిపడి, "కెజ్జీ, అటు చూడు" అన్నాను.

అది తలెత్తలేదు. "రాలతానే ఉంటయ్ అమ్మమ్మా. ముద్ద పెట్టు" అంది.

కెజియాకు ఎక్కువ మంది మనుషులు తెలియదు. వాళ్ళమ్మ, వాళ్ళ నాన్న, ఖాజా, ఇప్పుడు నేను. అందుకే మాటల్లో సగం సలోమివి, సగం ఖాజావి. సాయంత్రం ఆట మధ్యలో దీపం దిగుతుంటే పైకి చూసి అరిచేది.

"మామా, ఆపు! ఇంకొంచెం సేపు!"

"మీ నాయన చూస్తే నా ఉద్యోగం ఊడుద్ది పాపా."

"చూడడులే. ఆపు మామా."

దీపం గోడ అంచున ఆగేది. పిల్ల తొక్కుడుబిళ్ళ ఆట ముగించేదాకా మా లోకంలో పొద్దు గూకేది కాదు.

నేను వారానికోసారి పైకి వెళ్ళి ఇంటి దుమ్ము దులిపి, బట్టలు ఉతికి ఆరేసుకుని వచ్చేదాన్ని. రెండు తలుపుల మధ్య చీకటి గది ఉంటుంది. ఒక తలుపు మూసుకున్నాక గాని రెండోది తెరుచుకోదు. లోపలి తలుపు తెరిచేసరికి కెజియా అక్కడే నిలబడి ఉండేది. నా చీర కుచ్చిళ్ళలో ముఖం పెట్టి గట్టిగా వాసన పీల్చేది.

"ఇదేం వాసన అమ్మమ్మా?"

"ఎండ వాసన."

"ఎండకు వాసన ఉంటదా? మన దీపానికి లేదుగా."

"దండెం మీద ఆరిన బట్టకు వస్తుంది."

"నా గౌను కూడా పైన ఆరేసుకురా."

తెచ్చాను. దాన్ని తొడుక్కోకుండా తలకింద పెట్టుకుని పడుకుంది.

*

ఈ పని మొదలైనప్పుడు గనిలోకి నలుగురు దిగారు. ఏడాది తిరక్కముందే నలుగురికీ కాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. ఎముకలు గట్టిపడడానికి ఒంటికి ఎండ కావాలి. మా ఇళ్ళలో పసిబిడ్డకు నూనె రాసి, చాపిన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని లేత ఎండలో కాసేపు ఉంచేది అందుకే. ఆ నక్షత్రపు వెలుగులో ఆ పని చేసే పాలు తక్కువ.

నా అల్లుడు రత్నరాజు దానికి మందు కనిపెట్టాడు. ఈ పరిశోధన నడిపేది అతనే. ఆ మందు పడితే చర్మం అక్కడి వెలుగులో ఉన్న కొద్దిపాటి ఊదా కాంతితోనే ఎముకలకు కావలసింది తయారుచేసుకుంటుంది. మిగిలిన ముగ్గురూ భయపడి పైకి వచ్చేశారు. సలోమి సూది వేయించుకుంది. దాని కాళ్ళ నొప్పులు పోయాయి. కడుపులో బిడ్డ ఉందని అప్పటికి దానికి తెలియదు.

ఆ మందు ఒకసారి ఒంటికి పడితే మళ్ళీ పోదని తర్వాత తెలిసింది. మన సూర్యుడి వెలుగులో ఊదా పాలు ఎక్కువ. మందు పడిన చర్మానికి అది తగిలితే ఎక్కడ ఆగాలో తెలియదు. తయారుచేస్తూనే పోతుంది. ఎముకల్లో ఉండాల్సిన సున్నం రక్తంలో పెరుగుతుంది. ముందు దాహం వేస్తుంది, తర్వాత గుండె ఆగుతుంది. తెల్లని ట్యూబులైటు కూడా మెల్లగా అదే పని చేస్తుంది. బిడ్డకు ఆ చర్మం పుట్టుకతోనే వచ్చింది. పైన ఎక్కడ ఇల్లు కట్టినా, కిటికీలు మూసి పసుపు దీపాలు పెట్టి, దాన్నీ ఒక గని చేసుకోవాలి. అలాంటప్పుడు ఈ గనే నయమని సలోమి కూతురితో లోపలే ఉండిపోయింది. పసిదానికి నూనె రాసి దీపం కింద పడుకోబెట్టుకున్నానని ఫోనులో చెప్పేది.

పోయిన ఏడు రత్నరాజు విరుగుడు మందు తయారుచేశాడు. ముందు తనకు వేయమంది సలోమి. కూతురికి వేసేదాన్ని తన ఒంటి మీద చూసుకోవాలనుకుంది. వేశాక మొదటి పరీక్ష లేత ఎండలో పెట్టారు. అదే జాగ్రత్త అనుకున్నారు. లేత ఎండ ఎవరినీ ఏమీ చేయదు. శాస్త్రవేత్తలు కూడా మా ఇళ్ళలో పెరిగినవాళ్ళే.

వారం పైగా పొద్దున్నే గని అంచున నిలబడింది. రక్తంలో తేడా రాలేదు. "అమ్మా, నిజం ఎండ. వెచ్చగా ఉంది" అని ఫోను చేసింది. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వస్తానంది. నేను వంట మొదలుపెట్టాను.

సలోమి ఆ మధ్యాహ్నపు ఎండలో గేటు దగ్గరున్న కారు దాకా నడిచింది. మంచినీళ్ళు అడిగింది. ఖాజా సీసా మూత తీస్తుండగా నేల మీద కూర్చుంది. మళ్ళీ లేవలేదు.

పొయ్యి మీద కూర అలాగే ఉందని నాకు మర్నాడు గుర్తొచ్చింది.

*

శివరాత్రి ముందు రత్నరాజు గనిలోకి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. కెజియా అతని వీపెక్కి కాసేపు ఆడింది. అది నిద్రపోయాక నా ఎదురుగా కూర్చున్నాడు.

"అత్తయ్యా, కొత్త మందు తయారైంది. ఎండలు ముదరకముందే పాపకు మొదలుపెడతాను."

"ఇందులో కొత్త ఏముంది బాబూ?"

"మోతాదు పెంచాను. సలోమికి అన్ని ఉదయాలు ఏమీ కాలేదు. అంటే మందు పనిచేసింది. ఆఖరి రోజుకు దాని బలం తగ్గిపోయింది, అంతే. ఈసారి తగ్గనివ్వను."

"పోయినసారి కూడా ఇంత నమ్మకంగానే చెప్పారు."

అతను తల ఊపాడు.

"చెప్పానండీ. రోజూ అదే గుర్తొస్తోంది. మరి ఏం చేయమంటారు? నా కూతురు ఈ గుంటలోనే పెరిగి, ఇందులోనే ముసలిదై, ఇందులోనే పోవాలా? మనిద్దరం పోయాక దీనికి ఎవరున్నారు? దీపం ఎవరు వెలిగిస్తారు? మీరు చెప్పండి, మానేస్తాను."

అతను చెప్పిన ప్రతి మాటా నిజమే. మందు వేయనివ్వకపోతే బిడ్డను నేను గనిలో పూడ్చినట్టు. వేయనిస్తే ఏమవుతుందో ఒకసారి చూశాను.

"పండగ వెళ్ళాక మొదలుపెడదాం" అని లేచాడు. తలుపు దగ్గర ఆగి, నిద్రపోతున్న కెజియా తల కింద మడతపెట్టి ఉన్న గౌను కేసి చూశాడు.

"అది తొడుక్కోదా?"

"వాసన పోతుందట."

అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు.

*

మర్నాడు పాఠానికి నేను పాలగ్లాసు తీసుకున్నాను. బళ్ళో ప్రతి ఏడూ ఎనిమిదో తరగతికి చేసి చూపిన ప్రయోగం అది. గాజుగ్లాసు నిండా నీళ్ళు పోసి, చెంచాతో నాలుగు చుక్కల పాలు కలిపాను.

"ఇందులోంచి దీపాన్ని చూడు."

కెజియా గ్లాసును రెండు చేతులా పట్టుకుని పైకెత్తింది. మధ్యాహ్నపు దీపం నడినెత్తిన ఉంది.

"సాయంత్రమైంది!" అంది. గ్లాసు దించింది. "మధ్యాహ్నం." మళ్ళీ ఎత్తింది. "సాయంత్రం! ఎట్లా అమ్మమ్మా?"

"వెలుగులో రంగులన్నీ కలిసి ఉంటాయి కదా. పాలలో సన్నని నలుసులు ఉంటాయి. ఊదా, నీలం వాటికి తగిలి పక్కలకు చెదిరిపోతాయి. ఎరుపూ పసుపూ నేరుగా వచ్చేస్తాయి. పైన గాలి కూడా పాలు కలిపిన నీళ్ళ లాంటిదే. మధ్యాహ్నం సూర్యుడు నెత్తిమీదుంటే వెలుగు కొంచెం గాలి దాటితే చాలు. పొద్దున్నే అయితే చాలా గాలిలోంచి అడ్డంగా రావాలి. అందుకే అప్పుడు ఎర్రగా ఉంటాడు."

"ఊదా దారిలోనే పోతదా?"

"చాలావరకు పోతుంది."

"నన్ను కాల్చేది ఊదానే గదా?"

"అవును."

అది గ్లాసు కిందపెట్టి నా కేసి చూసింది.

"మరి అమ్మకు పొద్దున్నే నిలబడితే ఏం కాలేదు గదా. అది మందు వల్లనా, పాల వల్లనా?"

నా చేతిలో చెంచా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో కాసేపు తోచలేదు.

ఎనిమిదో తరగతిలో మొదటి పాఠమే అది. ప్రయోగంలో ఒక్కదాన్నే మార్చాలి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచాలి. సలోమి మందు వేసుకుంది, లేత ఎండలోకీ వెళ్ళింది. రెండూ ఒకేసారి మారాయి. ఏమీ కాలేదు కాబట్టి మందే కాపాడిందన్నారు. మందు లేకుండా లేత ఎండలో ఎవరూ నిలబడి చూడలేదు. లేత ఎండే కాబట్టి, చూడాలని ఎవరికీ తోచలేదు.

*

రత్నరాజు నా మాట పూర్తిగా విన్నాడు. వినగానే లేచి, పైకి వెళ్ళి, తెల్లవారుజామున వెలుగును కొలిచే మీటరు పెట్టమని ఖాజాకు చెప్పి వచ్చాడు. మర్నాడు కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"పొద్దు పొడిచిన కాసేపటిదాకా ఊదా పాలు మన దీపం కంటే తక్కువే ఉంది" అన్నాడు. "విరుగుడు వేయకపోయినా సలోమికి అప్పుడు ఏమీ అయ్యేది కాదేమో. అంటే నా మందు..."

నేను అతనికి మంచినీళ్ళు ఇచ్చాను. తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు.

"అయితే పాప ఆ కాసేపు పైకి రావచ్చు" అన్నాను.

"మీటరు చెబుతోంది. మీటరుకు రక్తం లేదు అత్తయ్యా. అది చెప్పిందని పాపను ఎండలో పెట్టలేను. ఇక నేను దేన్నీ నమ్మలేను."

"పెట్టమనలేదు. ముందు నాకు వేయండి."

"ఏది?"

"మొదటి మందు. సలోమికి వేసింది. అది ఒంటికి పట్టాక, విరుగుడు లేకుండా నేను లేత ఎండలో నిలబడతాను. ఈసారి ఒక్కటే మారుతుంది."

"అది ఒంట్లోంచి మళ్ళీ పోదు! మీకు తెలుసు గదా. ఇక ఈ జన్మలో పగలు ఇంటికి వెళ్ళలేరు. సలోమి సమాధి దగ్గరికి వెళ్ళలేరు."

"పొద్దున్నే వెళ్తాను. లెక్క తప్పితే అసలు వెళ్ళక్కర్లేదు, నన్నే అక్కడికి మోసుకెళ్తారు."

"అలా మాట్లాడకండి."

"మీరు అడిగారు కదా బాబూ, మనం పోయాక దీనికి ఎవరని. దానికి నాకు జవాబు తెలియదు. రోజుకు కొంచెం ఎండ ఉందో లేదో మాత్రం తేల్చగలను. టీచరు పని అంతవరకే."

అతను ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. కెజియాకు కొత్త మందు మాత్రం వేయలేదు.

సూది వేయించుకునే రోజు మధ్యాహ్నం నేను పైకి వెళ్ళి, గని అంచున పాత రాళ్ళ గుట్ట మీద కూర్చున్నాను. మా వైపు ఆ వేళకు కుక్కలు కూడా నీడ వదలవు. చీలని పలకరాళ్ళు కాలిపోతున్నాయి. ఖాజా గొడుగు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా ఇది? వడదెబ్బ తగులుద్ది, లెగండి!"

"కాసేపు ఉండనీ ఖాజా."

"ఈ ఎండలో కూచోమని నాకు లచ్చ రూపాయలిచ్చినా కూచోను. మీకేం పట్టింది?"

నేను ముఖం ఎత్తి ఎండకు పెట్టాను. నాకు ఇదే ఆఖరి మధ్యాహ్నపు ఎండ అని అతనికి అప్పుడు తెలిసింది. గొడుగు ముడిచి, కొంచెం ఎడంగా, అదే ఎండలో తనూ కూర్చున్నాడు. చెమట కళ్ళలోకి కారుతోంది. దూరంగా రోడ్డు మీద ఎండమావి నీళ్ళలా ఆడుతోంది. ఇన్నేళ్ళూ ఈ ఎండను తిట్టుకుంటూ బడికి నడిచాను.

"మా అమ్మ మిరపకాయలు ఆరబోసేది ఇట్టాంటి ఎండకే" అన్నాడు ఖాజా.

"నేను వడియాలు పెట్టేదాన్ని" అన్నాను.

తర్వాత లోపలికి వచ్చి చెయ్యి చాపాను.

*

మందు పట్టడానికి నెలలు పట్టింది. ఆ నెలల్లో నేను పైకి వెళ్ళలేదు. తలుపు దగ్గర ఎదురుచూసే పని కెజియాకు లేకపోయింది. దాని గౌనులో వాసన మెల్లగా పోయింది. ఒకరోజు ఏమీ అనకుండా దాన్ని తొడుక్కుని ఆడుకుంది.

మునుపు నాకు గని గోడలు ఎంత దూరంలో ఉన్నాయో తెలిసేది కాదు. ఎప్పుడైనా వెళ్ళగలిగినదానికి గోడలు కనిపించవు. ఇప్పుడు ప్రతి గోడా కనిపించింది. నడుస్తూ నడుస్తూ చేత్తో తాకి చూసేదాన్ని. రాయి చల్లగా, తడిగా ఉండేది. తడి ఆరనంతకాలం ఆ రాయిని ఇంకా ఏదో ఒకటి చేయవచ్చు అనుకునేదాన్ని.

తొలకరి వానలు కురిసి వెలిశాయి. మబ్బులేని ఒక తెల్లవారుజామున రత్నరాజు, ఖాజా నన్ను గని అంచుకు తీసుకొచ్చారు. ఖాజా చేతిలో నల్ల కంబళి, నీళ్ళ సీసా ఉన్నాయి. సీసా మూత ముందే తీసి పట్టుకున్నాడు. రత్నరాజు ఒక చేత్తో మీటరు, మరో చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు.

కెజియా లోపలి తలుపు వెనక ఉంది. మైకులో దాని గొంతు వినిపిస్తోంది.

"అమ్మమ్మా, వచ్చిందా?"

"ఇంకా లేదు."

తూర్పున కొండల మీద ఎరుపు పాకింది. తర్వాత అంచు కనిపించింది. ముఖం మీద ఎండ పడింది. చేతులు చాపాను. మునుపటి చేతులే. వెచ్చగా ఉంది. సలోమి చెప్పినట్టే ఉంది.

"దాహంగా ఉందా అత్తయ్యా?"

"లేదు."

కొంచెంసేపు ఆగి మళ్ళీ అడిగాడు. లేదన్నాను. మూడోసారి అతను అడగకముందే మైకులోంచి కెజియా అడిగింది. "దాహంగా ఉందా అమ్మమ్మా?"

గొంతు ఆరినట్టు అనిపించింది. అది భయమో, రక్తమో తెలియలేదు. నీళ్ళ సీసా కేసి చూడకుండా కొండల కేసి చూశాను. "లేదు తల్లీ" అన్నాను. అలా అంటుండగానే నిజంగా లేదని తెలిసింది.

"చాలు, చాలు" అంటూ రత్నరాజు కంబళి కప్పాడు. లోపల రక్తం తీసి, యంత్రం ముందు నిలబడి, కాగితం వచ్చాక దాన్ని చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. తర్వాత గోడకు తల ఆనించి ఏడ్చాడు. రక్తంలో సున్నం పెరగలేదు. సలోమిని ఆ ఉదయాల్లో కాపాడింది అతని మందు కాదు.

ఆ తర్వాత చాలా ఉదయాలు నేను ఒక్కదాన్నే నిలబడ్డాను. ప్రతిసారీ రక్తం చూశారు. ఎండ ఎక్కడిదాకా లేత, ఎక్కడి నుంచి ముదురు అనేది మీటరు మీద ఎర్ర గీత గీశారు.

*

కెజియా పైకి వచ్చే రోజు దానికి నేను తలంటి నూనె రాశాను. ఏడేళ్ళదానికి నూనేంటని ఖాజా నవ్వాడు. "మొదటిసారి ఎండ చూపేటప్పుడు రాయాలి" అన్నాను. అతని నవ్వు ఆగిపోయింది.

చీకటి గదిలో అది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బయటి తలుపు తెరుచుకుంది.

అది సూర్యుణ్ణి చూసి ఆశ్చర్యపోతుందనుకున్నాను. పోలేదు. పొద్దు పొడవడం దానికి కొత్త కాదు. గాలి తగలగానే బెదిరి నా చీర పట్టుకుంది. గోడలేవని చుట్టూ తిరిగి వెతికింది. తర్వాత రాళ్ళ గుట్ట మీద నా పక్కన కూర్చుని కాళ్ళు చాపింది. నూనె రాసిన కాళ్ళ మీద ఎండ ఎర్రగా మెరిసింది.

"ఖాజా మామా, దీన్నెవరు పొడిపిస్తుండారు?"

"ఇది నా డ్యూటీ కాదు పాపా."

"మరెవరిది?"

"మీ అమ్మమ్మనడుగు. సైన్సు టీచరు గదా."

రత్నరాజు కొంచెం దూరంగా నిలబడి మీటరునే చూస్తున్నాడు. ఒక్కసారి మాత్రం తలెత్తి కూతుర్ని చూశాడు. పగటి వెలుగులో అతను దాన్ని చూడడం అదే మొదలు.

కెజియా తన నీడ కేసి చూసింది. అది రాళ్ళ మీదుగా గేటు దాకా సాగి ఉంది. చూస్తుండగానే పొట్టిదవుతోంది. పిల్ల పైకి చూసింది, రత్నరాజు చేతిలో మీటరును చూసింది. దానికి అర్థమైంది.

"మామా, ఆపు" అంది.

ఖాజా కదల్లేదు.

"ఇంకొంచెం సేపు. ఇక్కడే ఆపు మామా."

అతను ఆ పిల్ల ముఖంలోకి చూడలేక గాజు గది వైపు చూశాడు. అక్కడున్న ఏ మీటా ఈ పనికి రాదు. ఎండ నా చెంప మీద కొంచెం బరువెక్కింది. మీటరు ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చింది. నేను కంబళి విప్పి దాని భుజాల మీద కప్పాను, రెండో కొంగు నా మీద వేసుకున్నాను.

"ఎండ ముదురుతోంది. పద" అన్నాను.

సలోమి చిన్నప్పుడు వీధిలో ఆడుకుంటుంటే దాన్నీ ఈ మాటతోనే పిలిచేదాన్ని. అది మారాం చేసేది. కెజియా చేయలేదు. లేచి నడిచింది.

బయటి తలుపు మూసుకుంది. చీకటి గదిలో ఇద్దరమే నిలబడ్డాం. కంబళిలో అది కదిలింది. తన ముంజేతిని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

"ఇద్దరికీ వచ్చింది" అంది.

మైకు గరగరమంది. "టీచరమ్మా, లోపల పొద్దు పొడిపించమంటారా?"

కెజియా నా చేతిని ఇంకా ముఖానికి ఆనించుకునే ఉంది.

"కాసేపు ఆగు ఖాజా" అన్నాను.